లేచాడా, లేపానా

నిద్ర లేవడం గురించి ఆవిడకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. పెద్ద హోటల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరినప్పుడు ఆవిడ జడ నడుము దాటి ఉండేది. ఉద్యోగం వదిలేసరికి అది పిలకంత అయింది. ఆ మధ్య కాలమంతా తెల్లారగట్ల గదులకి ఫోన్లు చేసి జనాన్ని లేపడమే ఆవిడ పని. విమానం అందుకోవాల్సినవాళ్ళు, పెళ్ళి పీటల మీద కూర్చోవాల్సినవాళ్ళు, రాత్రి ఎక్కువ పుచ్చుకుని తాము ఏ ఊరిలో ఉన్నామో మరిచినవాళ్ళు, అందర్నీ ఆవిడే లేపింది. కొందరు థాంక్స్ చెప్పేవారు, కొందరు బూతులు లంకించుకునేవారు, ఒకాయన మాత్రం వచ్చినప్పుడల్లా "ఇంకో అయిదు నిమిషాలు తల్లీ" అని చంటిపిల్లాడిలా బతిమాలేవాడు. హోటల్లో అందరూ అసలు పేరు మరిచిపోయి ఆపరేటరమ్మ అని పిలిచేవారు. చివరికి చుట్టాలకీ అదే అలవాటైంది.

అలాంటి ఆపరేటరమ్మ ఒక రోజు సాయంత్రం, లైబ్రరీ మేడమీద గదిలో, పిల్లల కొలతకి చేసిన కుర్చీలో ఇరుక్కుని, "నేను నిన్న లేచాను" అనే చిన్న ముక్క స్పానిష్‌లో చెప్పలేక చెమటలు కక్కింది.

"లేస్తాను అనడం వచ్చు కదా?" అంది టీచరమ్మ. ఆమె పాఠం సగం స్పానిష్, సగం ఇంగ్లీషు, మిగతాది చేతులు.

"వచ్చు. మె దెస్పియెర్తో."

"భేష్. మరి నిన్న?"

"మె దెస్పియెర్తే."

"ఊఁహూఁ. దెస్పెర్తే. మధ్యలో ఆ 'యె' పోతుంది."

"ఎక్కడికి పోతుంది?"

క్లాసంతా నవ్వింది. పక్కన కూర్చున్న ప్లంబరు మరీ ఎక్కువ నవ్వాడు. అతను తనకన్నా తర్వాత చేరి, తనకన్నా ముందు నేర్చుకుంటున్నాడని ఆవిడకి ముందే కడుపుమంట.

టీచరమ్మ ఆగలేదు. నిన్న ఒక్కసారి లేస్తే 'మె దెస్పెర్తే'. చిన్నప్పుడు రోజూ లేచేదాన్ని అంటే 'మె దెస్పెర్తాబా'. బోర్డు మీద రెండూ పక్కపక్కన రాసి, కింద గీతలు గీసి, చాక్‌పీసు దులుపుకుంది. ఇందులో వింతేముంది, మనకీ ఉన్నాయిగా, లేచాను, లేచేదాన్ని, అని ఆపరేటరమ్మ తనకి తనే ధైర్యం చెప్పుకుంది. బుర్రకి తెలిసింది నాలిక్కి తెలిస్తేగా! నోరు తెరిస్తే ఒకదాని తోక ఇంకోదానికి అతుక్కునేది.

ఇంటికి వెళ్ళే బస్సులో మాత్రం ఆవిడకి ఒక సంగతి తట్టింది. 'మె' అంటే నేను, 'తె' అంటే నువ్వు. 'మె దెస్పెర్తే' అంటే నేను లేచానైతే, 'తె దెస్పెర్తే' అంటే నువ్వు లేచావనే కదా? ఎవరూ చెప్పకుండా తనంతట తనే ఒక సూత్రం పట్టుకున్నందుకు ఆవిడ మొహం వెలిగిపోయింది. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది.

ఇంత యాతన ఎవరి కోసమయ్యా అంటే, అల్లుడి కోసం.

అల్లుడు రొట్టెలు కాల్చే బేకరీలో పని చేస్తాడు. భాష స్పానిష్, ఇంగ్లీషు ముక్క రాదు. కూతురు అతన్ని ఇష్టపడి చేసుకుంది. కూతురూ అల్లుడూ ఇంట్లో స్పానిష్‌లోనే మాట్లాడుకుంటారు. కూతురికి పిల్ల పుట్టాక సాయానికని దేశం దాటి వచ్చి ఆపరేటరమ్మ అక్కడే ఉండిపోయింది. చిన్న ఫ్లాటు. వంటగదికీ పడకగదికీ మధ్య గోడ అని పేరే గాని, అట్టముక్క నయం. కూతురు పొద్దున్నే కళ్ళద్దాల షాపుకి వెళ్ళిపోతే, అదే వేళకి అల్లుడు రాత్రి డ్యూటీ చేసి వస్తాడు. కనురెప్పల మీద పిండి, చంకలో వేడి రొట్టె. రొట్టె బల్ల మీద పెట్టి, "అత్తయ్యా" అని ఒక్క మాట అని, వెళ్ళి పడుకుంటాడు. అతనికి వచ్చిన తెలుగు ఆ మాటా, "బాగుంది" అన్న మాటా. ఆవిడకి వచ్చిన స్పానిష్ అంతకన్నా గొప్పది కాదు. కాబట్టి పగలంతా ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళూ మూగవాళ్ళే. పాకే పిల్ల ఒక్కతే గొంతున్న మనిషి.

మధ్యాహ్నం దాటాక అతను కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని బయటికి వచ్చేవాడు. కొత్తగా పట్టుకున్న సూత్రంతో ఆవిడ రోజూ ఎదురెళ్ళి కాఫీ కప్పు అందిస్తూ, హోటల్ రోజుల నాటి తీయని గొంతుతో పలకరించేది.

"తె దెస్పెర్తే!"

అతని మొహం ముడుచుకుపోయేది. కాఫీ తీసుకుని, తల ఊపి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. మర్నాడు ఆవిడ ఇంకాస్త ఎక్కువ నవ్వుతూ చెప్పేది. అతను ఇంకాస్త ఎక్కువ ముడుచుకునేవాడు. సరే, వాళ్ళ వంశంలో నవ్వులకి కరువేమో, అనుకుని ఆవిడ సరిపెట్టుకుంది.

ఉక్కపోతగా ఉండటం వల్ల పడకగది తలుపు ఓరగా తీసి పడుకోవడం మొదలుపెట్టాడు అల్లుడు. అప్పుడే ఆవిడ ఒక సంగతి గమనించింది. గురక మొదలవుతుంది. రంపపు మిల్లు నడిచినట్టు సాగుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. గురకే కాదు, ఊపిరి కూడా. మొదటిసారి విన్నప్పుడు ఆవిడ చేతిలో ఉతికిన బట్టలు అలాగే ఉండిపోయాయి. తన ఊపిరి కూడా బిగపట్టింది. ఎంతకీ అతని ఊపిరి రాలేదు. లోపలికి పరిగెత్తుదామా అనుకునేలోపు, నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా "హాఁ" అని పెద్ద శబ్దంతో అతను సగం లేచి కూర్చున్నాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ ఆవిడ కనబడింది. విసుగ్గా దుప్పటి లాక్కుని మళ్ళీ ఒరిగాడు. కాసేపటికి మళ్ళీ గురక, మళ్ళీ ఆగడం, మళ్ళీ "హాఁ".

ఆ రోజంతా అంతే. మర్నాడూ అంతే.

కూతురు షాపు నుంచి రాగానే ఆవిడ వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"చిట్టీ, మీ ఆయన నిద్రలో ఊపిరి ఆపేస్తున్నాడే."

"గురక పెడతాడమ్మా. తెలిసిందేగా."

"గురక కాదే. ఆగిపోతోంది. ఉలిక్కిపడి లేస్తున్నాడు, మళ్ళీ పడుకుంటున్నాడు, మళ్ళీ లేస్తున్నాడు."

"అలిసిపోయి వస్తాడు. నువ్వు ఆ తలుపు దగ్గర కాపలా ఎందుకు కాస్తున్నావు? నిద్రపోయే మగాణ్ణి చూస్తూ నిలబడతారా ఎవరైనా?"

"చూడలేదే, వినబడింది! నీకెప్పుడూ వినబడలేదా?"

"నేను పడుకుంటే చచ్చిన శవాన్నని నువ్వే అంటావుగా," అంది చిట్టి, చెప్పులు విడుస్తూ. "పైగా సెలవు రోజు పిల్ల ఏడుపు పడలేక తను హాల్లో సోఫా మీద పడుకుంటాడు."

"ఊరందరి కళ్ళూ పరీక్ష చేస్తావు, ఇంట్లో మనిషి మొహం కనబడదా నీకు?"

"అమ్మా, నిన్ను దండం పెట్టి అడుగుతున్నా. ఇప్పుడు కాదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇప్పుడు కాకపోతే ఎప్పుడో చిట్టి చెప్పలేదు. పోనీ అల్లుడికే చెబుదామా అంటే మాటలేవీ? మధ్యాహ్నం అతను బయటికి రాగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపి, గుండె మీద చెయ్యేసి, తన దగ్గరున్న భాషంతా పోగుచేసి చెప్పింది.

"తె దెస్పెర్తే. తె దెస్పెర్తే, తె దెస్పెర్తే, తె దెస్పెర్తే!" మాటిమాటికీ లేచావు బాబూ, అని ఆవిడ గోడు.

అతను కప్పు బల్ల మీద గట్టిగా పెట్టాడు. కాఫీ ఒలికింది. ఏదో అన్నాడు, గబగబా, ఆవిడకి ఒక్క ముక్క అందలేదు. చొక్కా తగిలించుకుని, వేళ కాకుండానే పనికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే అతను చెయ్యి కాల్చుకున్నాడు. పొయ్యి ముందు నిలబడే కునుకు తీశాడట. ముంజేయి ఇనపరేకుకి అంటుకుని, మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం లేచిపోయింది. తోటి పనివాడు భుజం పట్టి లాగకపోతే ఇంకేమయ్యేదో. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన అల్లుడు రొట్టె తేలేదు, అత్తయ్యా అనలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చిట్టి షాపు మానేసి వచ్చింది. లోపల మొగుడూ పెళ్ళాలిద్దరూ స్పానిష్‌లో చాలాసేపు మాట్లాడుకున్నారు. అట్టముక్క గోడకి ఇవతల ఆపరేటరమ్మ పిల్లకి అన్నం పెడుతూ, అర్థం కాని ఆ మాటల్లో 'సుయెగ్రా' అన్న మాట మాత్రం పట్టుకుంది. సుయెగ్రా అంటే అత్తగారు. అదొక్కటి ఆవిడకి బాగా వచ్చు.

చిట్టి బయటికొచ్చి కూర్చుంది. తల ఎత్తలేదు.

"అమ్మా, పగలు తను పడుకున్నంతసేపూ నువ్వు పిల్లని తీసుకుని లైబ్రరీకో పార్కుకో వెళితే బాగుంటుందేమో."

"ఎందుకూ?"

"ఇంట్లో చప్పుడికి తనకి నిద్ర ఉండట్లేదట."

"నేనేం చప్పుడు చేశానే? గరిటె కూడా గుడ్డ చుట్టి పెడుతున్నాను. పిల్ల కెవ్వుమనేలోపు నోట్లో పాలసీసా పెడుతున్నాను!"

"అది కాదమ్మా..." చిట్టి గొంతు సన్నబడింది. "నువ్వు లేపుతున్నావంటున్నాడు. కావాలనే."

"నేనా? లేపానా?"

"నువ్వే చెప్పావటగా! రోజూ అతను గదిలోంచి రాగానే ఎదురెళ్ళి నవ్వుతూ 'నిన్ను లేపాను' అంటావట. మొన్నయితే ఒకటికి నాలుగుసార్లు అన్నావట, గుండె మీద చెయ్యేసుకుని మరీ."

"నేను అలా ఎప్పుడన్నానే? నువ్వు లేచావు అని పలకరించాను. తె దెస్పెర్తే అని."

చిట్టి నుదురు కొట్టుకుంది. "అమ్మా! తె దెస్పెర్తే అంటే నువ్వు లేచావు అని కాదు. 'నేను నిన్ను లేపాను' అని."

ఆపరేటరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సులో తను కనిపెట్టిన సూత్రం! కాఫీ ఇచ్చి, పళ్ళికిలించి, ఇన్నాళ్ళూ అల్లుడి మొహం మీదే 'నీ నిద్ర నేనే చెడగొట్టాను, నేనే చెడగొట్టాను' అని చాటింపు వేసుకుందన్నమాట. అతను మూతి ముడవక హారతి పడతాడా!

"మరి నువ్వు లేచావు అనాలంటే?"

"తె దెస్పెర్తాస్తె."

"అంత పొడుగా? ఇది చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు? ఒకే ఇంట్లో ఉన్నావు, ఒక్కసారి తల్లి ఏం వాగుతోందో విన్నావా?"

"నేను పనికెళ్ళి చచ్చీ చెడీ వస్తున్నాను, మీ ఇద్దరికీ మధ్య దుబాసీ పని కూడా చెయ్యాలా?"

"సరే. ఇప్పుడు చెయ్యి. పద లోపలికి. లేపింది నేను కాదు, వాడి ఊపిరే వాణ్ణి లేపుతోందని చెప్పు."

చిట్టి వెళ్ళింది. చెప్పింది. తిరిగొచ్చి, "సరేనన్నాడు" అంది. ఆ సరేలో నమ్మకం చింతాకంత కూడా లేదని ఇద్దరికీ తెలుసు. పెళ్ళాం తల్లిని వెనకేసుకొస్తోందని అతను అనుకున్నాడు, తల్లి తన మొగుడి మీద నెపం వెతుకుతోందని కూతురు అనుకుంది. ఆవిడ అడకత్తెరలో పోకచెక్క అయింది.

మర్నాడు ఆపరేటరమ్మ క్లాసుకి వెళ్ళి కుర్చీలో కూర్చోలేదు. బోర్డు ముందే నిలబడింది.

"నేను అతన్ని లేపలేదు. అతనే లేచేవాడు, మాటిమాటికీ. ఇది ఎలా చెప్పాలి?"

"ఈ రోజు పాఠం కూరగాయలండీ," అంది టీచరమ్మ, చేతిలో ప్లాస్టిక్ వంకాయతో. "భూతకాలాలు మళ్ళీ నెలాఖరున తిరగేస్తాం."

"నెలాఖరుకి మా ఇంట్లో మనిషి ఉంటాడో ఉండడో."

ఈసారి ప్లంబరు నవ్వలేదు. టీచరమ్మ వంకాయ పక్కన పెట్టి చాక్‌పీసు తీసుకుంది. 'లో దెస్పెర్తే' అంటే అతన్ని నేను లేపాను. ఇది ఆవిడ నోట రాకూడదు. 'సె దెస్పెర్తో' అంటే అతను లేచాడు, ఒక్కసారి, అయిపోయింది. 'సె దెస్పెర్తాబా' అంటే లేచేవాడు, మళ్ళీ మళ్ళీ లేస్తూ ఉండేవాడు.

"తో అంటే అయిపోయినట్టు. తాబా అంటే అవుతూనే ఉన్నట్టు. మీకు కావలసింది తాబా."

"తాబా," అంది ఆపరేటరమ్మ. బస్సులో తాబా. మెట్ల మీద తాబా. పిల్లకి స్నానం చేయిస్తూ తాబా. పిల్ల కూడా "తాబ్బా" అని నీళ్ళు కొట్టింది. పిల్లకి ఒక్క పూటలో వచ్చింది, ఆవిడకి మాత్రం మొదట్లో ఉన్న 'సె' పలికేసరికి చివర్లో ఉన్న 'తాబా' జారిపోయేది. ఒకసారి అద్దం ముందు నిలబడి సాధన చేస్తూ, విసుగెత్తి, అద్దాన్నే తిట్టింది.

చేతి కట్టు మార్పించుకోవాల్సిన రోజున చిట్టికి సెలవు దొరకలేదు. అల్లుడు ఒక్కడే వెళతానన్నాడు. ఆపరేటరమ్మ మాట్లాడకుండా పిల్లని బండిలో కూర్చోబెట్టి అతని వెనకాలే నడిచింది. అతను ఆగి చూశాడు. ఆవిడ ఆగింది. అతను నడిచాడు. ఆవిడ నడిచింది. క్లినిక్ దాకా అదే తంతు.

కట్టు విప్పిన నర్సు లావుపాటి మనిషి, చేతులు మాత్రం దూదిలా తేలిగ్గా ఆడుతున్నాయి. ఎలా కాలిందని అడిగినట్టుంది. అల్లుడు కళ్ళు మూసి తెరిచి, నిద్రపోయినట్టు తల వాల్చి చూపించాడు. ఎందుకని అడిగింది. అతను భుజాలు ఎగరేసి, ఓరకంట వెనక్కి చూసి, గొంతు తగ్గించి ఏదో అన్నాడు. అందులో సుయెగ్రా ఉంది. నర్సు తలెత్తి ఆపరేటరమ్మ వంక చూసిన చూపు, చంటిపిల్ల చేతిలోది లాక్కున్న మనిషిని చూసినట్టు ఉంది.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడింది.

"సె దెస్పెర్తో!" అంది.

నర్సు ఆగింది. "ఊనా వెస్?"

ఒకసారా, అని. ఒకసారి లేస్తే ఏమైంది, లోకంలో అందరూ లేస్తారుగా అన్నట్టు మర్యాదగా నవ్వింది.

"నో! ఒకసారి కాదు! సె దెస్పెర్తా... సె దెస్పెర్తా..."

ఇంతే. మిగతాది గొంతులో ఎముకలా అడ్డం పడింది. అన్ని రోజులు వల్లె వేసిన మాట, వేలమందిని మాటతో లేపిన నోరు, సరిగ్గా కావలసిన క్షణాన మొరాయించింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లుడు అటు తిరిగి, "పోదాం" అన్నట్టు చొక్కా చేతిలోకి తీసుకున్నాడు.

ఇక ఆవిడ సిగ్గు విడిచింది. పక్కనున్న పరీక్షబల్ల ఎక్కి వెల్లకిలా పడుకుంది. చెప్పులు కూడా విప్పలేదు. నోరు తెరిచి గురక పెట్టింది, రంపపు మిల్లు లెక్కన. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు. గురక టక్కున ఆపేసింది. ఊపిరి బిగబట్టింది. మొహం ఎర్రబడింది, మెడనరాలు పొంగాయి, నర్సు కంగారుగా ముందుకు అడుగేసింది. అప్పుడు "హాఁ" అని లేచి కూర్చుని, తలుపు వైపు పిచ్చిచూపు చూసి, మళ్ళీ పడుకుంది. మళ్ళీ గురక. మళ్ళీ ఆగడం. మళ్ళీ "హాఁ". పిల్ల బండిలో చప్పట్లు కొట్టి నవ్వింది.

మూడోసారి లేచి కూర్చున్నప్పుడు, ఊపిరితో పాటు మాట కూడా దానంతటదే వచ్చేసింది.

"సె దెస్పెర్తాబా!" అల్లుడి వైపు వేలు చూపించింది. "సోలో! యో నో!" అతనే. నేను కాదు.

నర్సు చేతిలో కట్టుగుడ్డ అలాగే ఉండిపోయింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. అల్లుణ్ణి కూర్చోమని, ఒకటి తర్వాత ఒకటి ప్రశ్నలు వేసింది. లేవగానే తలనొప్పి ఉంటుందా అన్నట్టు తల పట్టుకుని చూపించింది. అతను 'సీ' అన్నాడు, అవునని. నోరు ఎండిపోతుందా? సీ. బస్సులో, బల్ల దగ్గర, ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర వస్తుందా? సీ, అన్నాడు అతను, ఈసారి చాలా మెల్లిగా. నర్సు వెళ్ళి డాక్టరుని పిలుచుకొచ్చింది.

ఒక రోజు నిద్రలో వేలికీ ముక్కుకీ ఏవో తగిలించుకుని పడుకోమని చిన్న పెట్టె ఇచ్చి పంపారు. అది తిరిగిచ్చాక, డాక్టరు చిట్టిని కూడా రమ్మని కబురు చేశాడు. గొంతులో దారి మూసుకుపోయి అతని ఊపిరి గంటగంటకీ లెక్కలేనన్నిసార్లు ఆగుతోందట. ఆగినప్పుడల్లా ఒళ్ళు భయపడి అతన్ని లేపుతోందట. ఇలాగే వదిలేస్తే గుండెకే ముప్పట. పడుకునేటప్పుడు ముక్కుకి తగిలించుకునే మిషను ఒకటి రాసిచ్చాడు.

ఇంటికొచ్చి చిట్టి సోఫాలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే తల్లి మీద విరుచుకుపడింది.

"ఇంత ప్రమాదం ఉంటే నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆపరేటరమ్మ వంటింట్లోకి వెళ్ళి, గుడ్డ విప్పేసిన గరిటెతో గిన్నెలు ఎంత చప్పుడు చెయ్యగలవో అంత చప్పుడు చేసింది.

అల్లుడి తరఫు నుంచీ క్షమాపణలేమీ ఊడిపడలేదు. మిషను తగిలించుకుంటే మొహానికి తొండం వచ్చినట్టుందని అతనికి నామోషీ. మొదట్లో నిద్రలోనే పీకి పారేసేవాడు. అత్తగారి కంటపడకుండా తలుపు మూసేవాడు. ఆవిడ చెవి మాత్రం ఆ తలుపు మీదే ఉండేది. లోపలి నుంచి రంపపు చప్పుడు వస్తే పళ్ళు కొరుక్కునేది. రాకపోతే ఇంకా భయపడేది. మధ్యాహ్నం కాఫీ ఇచ్చేటప్పుడు మాత్రం నోరు మెదపడం మానేసింది. ఏ మాటలో ఏ ముప్పుందో!

తర్వాత ఒక రోజు అతను మిషను పీకలేదు. గదిలోంచి సన్నటి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నమైంది, అతను లేవలేదు. ఎండ గోడ దిగింది, లేవలేదు. ఆపరేటరమ్మ తలుపు ఓరగా తీసి చూసింది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. నోరు కొంచెం తెరిచి, చెయ్యి మంచం అంచున వేలాడేసి, పిల్ల పడుకున్నట్టే పడుకున్నాడు.

పనికి బయల్దేరే వేళయింది. ఆవిడ భుజం తట్టడానికి చెయ్యి చాపి, మంచం దాకా వెళ్ళి, ఆగిపోయింది. లేపితే? అత్తగారు లేపింది అన్న మాట నిజమైపోదూ? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్ళ కొసల మీద బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

ఫోను మోగింది. బేకరీ యజమాని. గొంతు చూస్తే రెండోసారి చేస్తున్నట్టుంది.

"దుయెర్మె," అంది ఆపరేటరమ్మ. నిద్రపోతున్నాడు.

అవతల అరుపులు మొదలయ్యాయి. ఆవిడకి అరుపులు కొత్తా? రిసీవరు చెవికి దూరంగా పట్టుకుని, ఆయన ఊపిరి తీసుకున్న సందులో, "దుయెర్మె, సార్" అని ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేసింది.

వీధిలో దీపాలు వెలిగాక గదిలో మంచం కిర్రుమంది. ఏదో కింద పడింది. అల్లుడు ఒక కాలికి మేజోడుతో, జుట్టు పిచ్చుకగూడులా చేసుకుని, హాల్లోకి దూకాడు. గడియారం చూశాడు, కిటికీ చూశాడు, అత్తగారిని చూశాడు.

"పోర్ కె నో మె దెస్పెర్తాస్తె?"

ఆపరేటరమ్మకి మొదటి మాట నుంచి చివరి మాట దాకా అర్థమైంది. ఎవరూ మెల్లిగా చెప్పలేదు, బోర్డు మీద రాయలేదు, చేతులు తిప్పలేదు. 'నన్ను ఎందుకు లేపలేదు?' ఆ ఊరికి వచ్చాక ఒక్క దెబ్బకి పూర్తిగా అర్థమైన మొట్టమొదటి స్పానిష్ వాక్యం అది. తీరా చూస్తే అదీ చివాట్లే.

అంతే, కట్ట తెగింది. తెలుగులో అందుకుంది.

"ఎందుకు లేపలేదా? లేపితే లేపానంటావు, లేపకపోతే లేపలేదంటావు! ఇన్నాళ్ళూ లేపని పాపానికి నన్ను పార్కులో కూర్చోమన్నావే, ఇవాళ నిజంగా లేపి ఉంటే సముద్రం ఒడ్డున కూర్చోబెడుదువా? ఊరూరి జనాన్ని లేపినదాన్ని నాయనా నేను, ఒక్కడి దగ్గర కూడా ఇంత మాట పడలేదు. బూతులు తిట్టినవాడు కూడా మర్నాడు రిసెప్షన్‌లో చాక్లెట్ ఇచ్చిపోయేవాడు!"

అల్లుడు రెండో మేజోడు చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. ఒక్క మాటా అర్థం కాకపోయినా, ఒక్క మాటా పోకుండా విన్నాడు. అప్పుడే తలుపు తీసుకుని చిట్టి వచ్చింది. భుజాన సంచి దించకముందే ఇద్దరూ చెరోవైపు నుంచి చెరో భాషలో ఆమె మీద పడ్డారు. ఆమె అటు రెండు మాటలు, ఇటు రెండు మాటలు చెప్పి, చివరికి సంచి నేలకేసి కొట్టింది.

"రేపట్నుంచి అలారం పెట్టుకోండి! నన్ను వదిలేయండి!"

అల్లుడు బూట్లు తొడుక్కున్నాడు. యజమాని చేత ఎలాగూ తిట్లు తప్పవని తెలిసీ తొందరపడకుండా తొడుక్కున్నాడు. ఆపరేటరమ్మ, కోపం కోపమే, ఖాళీ కడుపుతో పొయ్యి ముందు నిలబడితే మళ్ళీ ఏం మీదికి తెచ్చుకుంటాడో అని, రొట్టె మధ్యలో గుడ్డు పెట్టి కాగితంలో చుట్టి అతని మొహం చూడకుండా చేతిలో పెట్టింది.

అతను గుమ్మం దాటి, రెండు మెట్లు దిగి, మళ్ళీ పైకొచ్చాడు. కళ్ళు ఎర్రగా లేవు. అవి లేత గోధుమరంగని ఆవిడ అప్పుడే చూసింది.

"దొర్మీ, అత్తయ్యా," అన్నాడు. నిద్రపోయాను. ఇంకా ఏదో చెప్పబోయి, మాట దొరక్క, "బాగుంది" అన్నాడు.

నిద్ర బాగుందా, రొట్టె బాగుందా, తిట్లు బాగున్నాయా అని ఆవిడ అడగబోయేలోపు అతను మెట్లు దిగిపోయాడు.